కొండమొదలు కనిపిస్తే వడ్డన

గోదారి మీద తిరిగే మా టూరు బోటులో గడియారాన్ని నమ్మినవాడు ఒక్కడూ లేడు. వంటవాళ్ళు మరీను. దేవీపట్నం రేవు దాటితే బియ్యం కడగాలి. మంటూరు కనిపిస్తే పప్పు మెదపాలి. కచ్చులూరు మలుపులో పొయ్యిలన్నీ కట్టెయ్యాలి. కొండమొదలు కనిపిస్తే వడ్డన. “టైమెంతయింది బాబాయ్?” అని అడిగితే మా వంట బాబాయ్ చేతికున్న వాచీ వంక చూడకుండా కిటికీలోంచి ఒడ్డుకేసి చూసి, “గండి పోచమ్మ గుడి ఇంకా రాలేదు కదరా, టిఫిన్లు అవనీ” అనేవాడు. ఆ వాచీ ఎందుకు పెట్టుకున్నాడో నాకిప్పటికీ తెలీదు.

నేను ఆ బోటెక్కింది 2003 పుష్కరాలు వెళ్ళాక వచ్చిన చలికాలంలో. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం లేదు. రాజమండ్రిలో మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఉంటూ, గ్రూప్ పరీక్షలకి చదువుతున్నానని అందరికీ చెప్పి, సాయంత్రాలు కోటిలింగాల రేవు మెట్లమీద కూర్చునేవాణ్ణి. పెద్దనాన్నకి తెలిసినాయనకి పాపికొండల టూరు బోటులో వాటా ఉంది. “కుర్రాడు గొంతున్నోడు, మైకు పట్టుకుంటాడేమో చూడండి” అని మాటసాయం చేశారు. అంతే, గైడునైపోయాను. జీతం గురించి చెప్పుకోడానికేం లేదు. రెండు పూటలా భోజనం మాత్రం రాజాలాగా ఉండేది. సంక్రాంతికి మానేద్దామనుకున్నవాణ్ణి, కొన్ని సీజన్లు ఉండిపోయాను.

రెండంతస్తుల బోటు. కింద హాల్లో వరసగా కుర్చీలు, పైన రేకు కప్పు కింద ప్లాస్టిక్ కుర్చీలు, ఓ మూల నిలువెత్తు స్పీకర్లు. ముందు గదిలో చక్రం దగ్గర సరంగు. వెనకాల అడుగున ఇంజను. అది నీళ్ళకోసం పుట్టింది కాదు, లారీలోంచి దిగింది. దాని పక్కనే ఓ మెకానిక్ కుర్రాడు చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేవాడు. సరంగు ముందు గదిలో తాడు లాగితే వెనక ఇంజను దగ్గర గంట మోగేది. గంటలు ఎన్ని మోగాయో దాన్ని బట్టి ముందుకా, వెనక్కా, ఆపాలా అని ఆ కుర్రాడు తెలుసుకోవాలి. సగం చెవుడు వచ్చినా గంట మాత్రం వినబడేది వాడికి. ఇంజను గదికి ఆనుకుని వంటగది. అక్కడి గోడమీద చెయ్యి పెడితే మోచేతి దాకా జలదరించేది. అలాంటి చోట రోజూ ఎనభై మందికి వంట.

తెల్లారకముందే మొదలయ్యేది రోజు. కూరగాయల మార్కెట్ నుంచి వంకాయల బుట్టలు, అరిటాకుల కట్టలు, పెరుగు క్యాన్లు, ఐసు దిమ్మలు, తాగేనీళ్ళ టిన్నులు రిక్షాల్లో రేవుకి దిగేవి. బోటు పనివాళ్ళు, కళాసీలు ఇద్దరూ సన్నటి బల్లమీద నుంచి వాటిని మోసుకొచ్చేవాళ్ళు. నీళ్ళు నిండుగా ఉన్న నెలల్లో రాజమండ్రి రేవు నుంచే బయల్దేరేవాళ్ళం. మాఘం దాటి ఇసుక మేటలు పడ్డాక మాత్రం సరుకుతో సహా అందర్నీ బస్సులో పురుషోత్తపట్నం తీసుకెళ్ళి అక్కడ ఎక్కించేవాళ్ళు. నాకు మొదటిదే ఇష్టం. హేవ్‌లాక్ వంతెన, దాని పక్క వంతెనలు వెనక్కి జరుగుతుంటే, దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పున గోదారి మీద పొగమంచు కొంచెం కొంచెంగా విడుతుండేది. 1900లో రైలెక్కిన ఆ పాత వంతెన మీద 1997 నుంచి రైళ్ళు లేవు. ఆ సంగతి మైకులో చెబితే ఎవరో ఒక పెద్దాయన లేచి “నేను దాని మీద మెయిలులో మద్రాసు వెళ్ళానండీ” అని తప్పకుండా అనేవాడు. రోజుకొకరైనా దొరికేవారు.

ఉదయం టిఫిను ఉప్మా పెసరట్టు అని కరపత్రంలో ఉండేది. పెసరట్టు అందరికీ వేడిగా అందించడం బోటులో అయ్యే పని కాదు, కాబట్టి సాధారణంగా ఉప్మా, ఇడ్లీ. ఆదివారం పూరీ. పూరీ రోజున నూనె బాండీ దగ్గర ఎవరూ నిలబడకూడదని వంట బాబాయ్ శాసనం. ఎదురుగా ఇంకో బోటు పోతే లేచే అలకి బాండీ ఊగుతుంది. ఎదురుబోటు హారన్ వినిపించగానే మంట తగ్గించి, బాండీ చెవులు రెండూ పాతగుడ్డతో పట్టుకుని అల వెళ్ళేదాకా అలా నిలబడిపోయేవాడు. ఆ నిమిషంలో ఎవరేం అడిగినా జవాబుండేది కాదు.

మధ్యాహ్నానికి పులిహోర, గుత్తివంకాయ, మామిడికాయ పప్పు లేకపోతే దోసకాయ పప్పు, సాంబారు, అప్పడం, పెరుగు. పులిహోరకి చింతపండు పులుసు ముందురోజు రాత్రే ఉడికించి స్టీలు డబ్బాలో మూతబిగించి తెచ్చేవాడు. “ఈ ఇంజను కదుపుడికి పోపు అడుగంటదురా, కానీ పప్పు మాత్రం ఎప్పుడూ చిక్కబడదు. అందుకే నీళ్ళు ఒక గ్లాసు తక్కువ పొయ్యాలి” అని నాకు వంటశాస్త్రం నేర్పేవాడు. ఇందులో నిజమెంతో నాకు అనుమానమే. కానీ ఆ పప్పు ఇంకెక్కడా తినలేదు. సాధారణంగా బోటు భోజనం గురించి జనం గొణుక్కుంటారు. మా బోటులో ఎవరూ గొణగలేదు అని చెప్పను గానీ, గుంటూరు నుంచి వచ్చినవాళ్ళు సైతం సొంత గోంగూర పచ్చడి సీసా తీసి కాస్త తిని, మళ్ళీ మూతపెట్టి, మా వంకాయ కూర రెండోసారి వేయించుకునేవాళ్ళు.

సరంగు సంగతి చెప్పాలి. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. ధవళేశ్వరం మనిషి. ఎనిమిదో తరగతి మానేసి సర్వీసు లాంచీలో కళాసీగా చేరాడట. ఇప్పటి వాళ్ళకి తెలీకపోవచ్చు, కొండల్లోకి సరైన రోడ్లు లేని రోజుల్లో కూనవరం, భద్రాచలం వైపు జనానికి లాంచీయే బస్సు. టీచర్లు, టపా సంచీలు, కిరసనాయిలు డబ్బాలు, కోళ్ళగంపలు, పెళ్ళివారు, అన్నీ అందులోనే. పొద్దున్న రాజమండ్రిలో ఎక్కితే చీకటి పడ్డాకగానీ దిగేవాళ్ళు కాదు. ఆ లాంచీల్లో గెడ పట్టుకుని మొదలెట్టి చక్రం దాకా వచ్చాడు పెద్దాయన. టూరు బోటంటే ఆయనకి కొంచెం చిన్నచూపు. “అప్పుడు పనుండి ఎక్కేవోరు. ఇప్పుడు పన్లేక ఎక్కుతున్నారు” అనేవాడు. నన్ను “గైడుబాబూ” అని పిలిచేవాడు. ఆ ‘బాబూ’లో మర్యాద కంటే వెటకారమే ఎక్కువ.

ఆయన పక్కన కూర్చుంటే నీళ్ళు చదవడం వచ్చేది, కొంచెం. నున్నగా, నిండుగా కదిలేచోట లోతు. సన్నసన్న ముడతలు పడి గలగలలాడుతుంటే కింద మేట. నీరు అడుగునుంచి తన్నుకొచ్చినట్టు పైకి ఉబికి గుండ్రంగా విచ్చుకుంటుంటే అక్కడ రాయి. ఎగువకి పోయేటప్పుడు ఒడ్డువారగా, ఎదురు తక్కువున్న నీళ్ళలో నడపాలి, దిగువకి వచ్చేటప్పుడు నడిపాయలో వదిలెయ్యాలి. చెప్పడానికి ఇంతే. కానీ ప్రతి వరదకీ ఇసుక చోటు మారుతుంది. నిరుడు నడిచిన దారి ఈ ఏడుండదు. అందుకని వరదలు తగ్గాక మొదటి ట్రిప్పుకి ముందు సరంగులందరూ కలిసి చిన్న పడవలో వెళ్ళి, గెడలతో లోతు చూసుకుంటూ, దారి పొడుగునా వెదురు బద్దలు పాతి వాటికి గుడ్డపేలికలు కట్టి వచ్చేవాళ్ళు. వేర్వేరు యజమానుల బోట్లు, రేవులో పాసింజర్ల కోసం చొక్కాలు పట్టుకునేంత పోటీ. ఆ పనికి మాత్రం పోటీ లేదు.

మైకు పట్టుకుని నేనేం చెప్పేవాణ్ణంటే, చాలా చెప్పేవాణ్ణి. పట్టిసీమ వస్తే నది మధ్యన గుట్టమీద వీరేశ్వరస్వామి గుడి గురించి, శివరాత్రికి ఆ ఇసుకలో వేసే తాటాకు పందిళ్ళ గురించి. పోలవరం దగ్గర ప్రాజెక్టు గురించి. 1980ల మొదట్లోనే శంకుస్థాపన జరిగిన ప్రాజెక్టు అది. నేను చేరిన కొత్తలో ఒడ్డున చెప్పుకోదగ్గ పనేదీ కనిపించేది కాదు. తరవాతి రెండేళ్ళలో మెషీన్లు దిగాయి, కొండ పక్కన ఎర్రమట్టి గుట్టలు లేచాయి. పెద్దాయన మాత్రం చలించలేదు. “రామపాదసాగరం అన్నప్పట్నించీ ఇంటన్నాం. మా నాయన కూడా ఇన్నాడు” అనేవాడు. ఆ పాత పథకం పేరు నాకు అప్పటిదాకా తెలీదు. భద్రాచలం రాముడి పాదాల దాకా నీళ్ళు వస్తాయని ఆ పేరు పెట్టారట, 1940ల నాటి మాట.

ఒకసారి నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరైన పెద్దమనిషి ఎక్కారు. నా కామెంటరీ కాసేపు విని, మైకు ఇమ్మని సైగ చేశారు. కాటన్ దొర ఆనకట్ట సంగతి అందరికీ తెలుసు, 1852కి పూర్తయింది. ఆ తరవాత ఇంగ్లీషువాళ్ళకి ఇంకో ఆలోచన ఉండేదనీ, వార్ధా వైపు పండే పత్తిని పడవల్లో ఈ గోదారి మీదుగానే సముద్రానికి దింపుదామనుకున్నారనీ, దానికోసమే భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం ఆనకట్ట, లాకులూ కట్టారనీ, డబ్బు తగలేశాక 1871లో మానుకున్నారనీ చెప్పారు. పైడెక్కు మీద ఎవరూ పెద్దగా వినలేదు, అప్పటికే అంత్యాక్షరి మొదలైంది. ముందు గదిలో పెద్దాయన మాత్రం చక్రం పట్టుకునే చెవొగ్గి విన్నాడు. ఆ ఇంజనీరుగారు దిగేటప్పుడు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఇంకెవరికీ పెట్టగా నేను చూళ్ళేదు.

గండి పోచమ్మ గుడి దగ్గర అన్ని బోట్లూ ఆగేవి. పాసింజర్లు దర్శనానికి దిగితే, మా కళాసీ ఒకడు బోటు తరఫున కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్ప వంటగదికి, ఒక చిప్ప సరంగుకి ఇచ్చేవాడు. వంటగది చిప్ప ఆరోజు కొబ్బరి పచ్చడిలోకి పోయేది. అమ్మవారి కటాక్షం ఎనభై మందికీ సమానంగా అందేది అలా.

అక్కణ్ణించి ఒడ్డున ఊళ్ళు మొదలు. మా బోటుకి ఆ ఊళ్ళతో ఉన్న చుట్టరికం కరపత్రంలో ఉండేది కాదు. ఒడ్డున ఎవరైనా తువ్వాలు ఊపితే పెద్దాయన వేగం తగ్గించేవాడు. టౌన్లో కొనుక్కురమ్మని ఇచ్చిన మందులు, విత్తనాల ప్యాకెట్లు, శుభలేఖల కట్ట, మిక్సీ జారు, అన్నీ అందించేవాళ్ళం. బడి పంతులు ఒకాయన శనివారం దిగువకి, సోమవారం ఎగువకి మాతోనే. వంటగది గుమ్మం దగ్గర కూర్చుని ఉల్లిపాయలు ఒలిచి పెట్టేవాడు. టికెట్టు బదులు అనుకోవచ్చు. రాత్రిపూట నొప్పులొచ్చిన మనిషిని తెల్లారి మా బోటులోనే దిగువకి తెచ్చిన రోజులూ ఉన్నాయి. అలాంటప్పుడు డాన్సులు, పాటలు బంద్. హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళ గుంపు ఒకటి డబ్బిచ్చామని మొదట గొడవపెట్టి, విషయం తెలిసి ఏసీ హాలు ఖాళీ చేసి ఆ తల్లికి ఇచ్చారు. మళ్ళీ మంచోళ్ళే.

మంటూరు దాటాక గోదారి స్వభావం మారుతుంది. రెండువైపులా కొండలు దగ్గరికొచ్చేస్తాయి. రాజమండ్రి దగ్గర ఎదుటి ఒడ్డు కనిపించని నది, ఇక్కడ కొన్ని వందల మీటర్లకి ఇరుక్కుంటుంది. వెడల్పు పోయినదంతా లోతుకి దిగుతుంది. కచ్చులూరు దగ్గర నది మలుపు తిరిగి కొండని గుద్దుకుని వెనక్కి తిరిగే చోట సుడులు. అక్కడికి ముందే పెద్దాయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపేవాడు. దానర్థం మైకు కట్టెయ్యమని. పాట సగంలో ఉన్నా సరే. డాన్సు చేసేవాళ్ళని కూర్చోబెట్టాలి, ఒక పక్కకి ఎవరూ గుమికూడకుండా చూడాలి, వెనక వంట ఆపాలి. ఇంజను చప్పుడు, నీటి చప్పుడు తప్ప ఇంకేం వినపడకూడదు ఆయనకి. జనం “ఏంటండీ, మంచి ఊపులో ఉండగా” అని విసుక్కునేవారు. నేను “ఫొటోలు తీసుకోండి, ఇదే అందమైన చోటు” అని సర్దిచెప్పేవాణ్ణి. అబద్ధం కాదు, అందమైన చోటే. కళాసీలిద్దరూ గెడలు పట్టుకుని ముందు అంచున నిలబడేవాళ్ళు. ఆ లోతులో గెడ అడుగు తగలదని వాళ్ళకీ తెలుసు.

మలుపు దాటి గంట మోగగానే వెనక పొయ్యి వెలిగేది, ఆఖరి పోపు వాసన పైడెక్కుకి వచ్చేది. కొండమొదలు కనిపించేది. ఆకులు పరిచేవాళ్ళం.

పాపికొండల మధ్య నడిచే గంటన్నరలో నాకు చెప్పడానికేం ఉండేది కాదు. మైకులో ఏదో చెప్పినా ఎవరూ వినరు. అప్పట్లో ఎడం ఒడ్డు తూర్పుగోదావరి, కుడి ఒడ్డు పశ్చిమగోదావరి, ఎగువన ఖమ్మం జిల్లా. “భోజనం ఒక జిల్లాలో, చెయ్యి కడగడం ఇంకో జిల్లాలో” అనే జోకు ఒకటి వేసేవాణ్ణి. 2014లో విభజన తరవాత ఖమ్మం ముంపు మండలాలు ఆంధ్రాలో కలిసినప్పుడు నా జోకు కూడా చచ్చిపోయింది.

పేరంటపల్లిలో దిగేవాళ్ళం. బాలానంద స్వామి నెలకొల్పిన రామకృష్ణ మునివాటం అనే ఆశ్రమం, శివాలయం, కొండమీంచి దిగే సెలయేరు. చెప్పులు కిందనే వదిలి, మెట్లెక్కి, మాట తగ్గించి నడవాలి. మునివాటం బయట కొండరెడ్డి తెగ ఆడవాళ్ళు వెదురు బుట్టలు, చాటలు, వెదురు బద్దలతో చేసిన పువ్వులు, చీపుళ్ళు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. బేరాలాడేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండేది నాకు. ఎనిమిది వందలు పెట్టి టికెట్టు కొన్న మనిషి పదిహేను రూపాయల బుట్టని పదికి అడుగుతాడు. వాళ్ళు మాత్రం కోప్పడరు. నవ్వి, బుట్ట వెనక్కి లాక్కుని, పక్కవాళ్ళతో మాటల్లో పడేవారు. ఎక్కువసార్లు కొనేవాడే మళ్ళీ తిరిగొచ్చేవాడు.

రెండురోజుల ట్రిప్పయితే రాత్రి కొల్లూరులో. ఇసుకతిన్నె మీద వెదురు గుడిసెలు, మంట, బొంగులో చికెన్. చికెన్ ఆ ఊరివాళ్ళే చేసేవాళ్ళు. పచ్చి వెదురు గొట్టంలో కోడిమాంసం మసాలా పట్టించి కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల్లో కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. వెదురులోని తడికే ఉడుకుతుంది. మా వంట బాబాయ్ అది చూసి “వంటా అది, కాల్చడం” అని తీసిపారేసేవాడు. కానీ రాత్రి పాసింజర్లు పడుకున్నాక ఒక గొట్టం ఆయన పక్కన కనిపించేది.

పాసింజర్లు గుడిసెల్లో, మేం బోటులో. కింద హాలులో కుర్చీలు పక్కకి జరిపి చాపలు వేసుకునేవాళ్ళం. ఇంజను ఆగిపోయాక చాలాసేపు నిద్రపట్టేది కాదు. రోజంతా కదిలిన ఒళ్ళు ఇంకా కదులుతున్నట్టే ఉండేది. మెకానిక్ కుర్రాడు చెవుల్లో దూది తీసి, నిజంగా వినపడుతున్నానా అని మాతో మాట్లాడి చూసుకునేవాడు. మా జీతాల లెక్కలు, పెళ్ళిళ్ళ లెక్కలు, ఏ బోటు యజమాని ఎంత బాకీ ఉన్నాడు, అన్నీ ఆ చీకట్లో తేలేవి.

పడుకోబోయేముందు పెద్దాయన ఒక పని చేసేవాడు. నీటి అంచున ఒక పుల్ల గుచ్చేవాడు, సరిగ్గా తడి ఇసుకకీ పొడి ఇసుకకీ మధ్య. మధ్యరాత్రి లేచి టార్చి వేసి చూసేవాడు. పుల్ల నీళ్ళలో ఉంటే ఎగువన ఎక్కడో వాన పడింది, నీరు పెరుగుతోంది, తాళ్ళు వదులు చెయ్యాలి. పుల్ల దూరంగా పొడి ఇసుకలో ఉంటే నీరు లాగేస్తోంది, బోటుని కొంచెం లోపలికి నెట్టాలి, లేదంటే తెల్లారేసరికి ఇసుకలో కూర్చుంటుంది. ఆ నెట్టుడికి మమ్మల్నందర్నీ లేపేవాడు. డిసెంబరు చలిలో మోకాటి లోతు నీళ్ళలో, నిద్రకళ్ళతో, “హైలెస్సా” అంటూ. గైడుబాబుకి మినహాయింపు ఉండేది కాదు.

ఆ నిద్రలేని రాత్రుల్లోనే 1986 వరద కథ చెప్పాడు. ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకి లేచిన వరద. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆయన అప్పుడు సర్వీసు లాంచీలో ఉన్నాడట. నీళ్ళమీద తాటిచెట్ల తలలు మాత్రమే కనిపించేవనీ, ఎక్కడ నది, ఎక్కడ ఊరు తెలియక ఆ తలల్ని బట్టి దారి వేసుకున్నామనీ చెప్పాడు. గడ్డివామి మీద ఒక మేక, ఒక పాము పక్కపక్కనే కొట్టుకొస్తుంటే చూశానన్నాడు. మేకని ఎక్కించుకున్నారా అని అడిగాను. “ఎక్కించుకున్నాం. పాము మొహమాటపడి రాలేదు” అన్నాడు.

తెల్లారితే మంచు. కొల్లూరులో చలికాలం పొద్దున్న పక్కమనిషి మొహం కనిపించేది కాదు. మంచు విడిచేదాకా బోటు కదలదు. పాసింజర్లు టీల మీద టీలు తాగి, రైలు టైముల గురించి కంగారుపడేవారు. రాజమండ్రిలో గౌతమి అందుకోవాలని, సింహాద్రి అందుకోవాలని. పెద్దాయన అందరికీ ఒకే జవాబు చెప్పేవాడు. “రైలు రేపు కూడా ఉంటదండీ.”

జూలైలో ఎర్రనీరు దిగగానే మా సీజను అయిపోయేది. అధికారులు బోట్లు ఆపించేసేవాళ్ళు. బోటుని రేవులో గట్టి తాళ్ళతో కట్టి, పలకలు మార్చాల్సినవి మార్చి, రంగులు వేయించేవాళ్ళు. వంట బాబాయ్ పెళ్ళివంటలకి పోయేవాడు. కళాసీలు వాళ్ళ ఊళ్ళకి వరినాట్లకి. నేను గ్రూప్ పరీక్షల పుస్తకాలు తీసేవాణ్ణి. పెద్దాయన మాత్రం బోటులోనే ఉండేవాడు. బిందెలో ఎర్రనీళ్ళు ముంచి, చిల్లగింజ అరగదీసి కలిపి, తేరుకున్నాక అవే తాగేవాడు. ఎవరైనా క్యాను నీళ్ళిస్తే మొహం చిట్లించేవాడు. ఒక శ్రావణంలో ధవళేశ్వరం వలవాళ్ళు ఇచ్చారని ఒక పులస తెచ్చాడు. వంట బాబాయ్‌కి కబురెళ్ళింది, పెళ్ళివంట వదిలేసి వచ్చాడు. మట్టిదాకలో బెండకాయలూ పచ్చిమిర్చీ వేసి, సన్నసెగ మీద పెట్టాడు. ఆరోజు తినకూడదనీ, మర్నాటికి ముల్లు మెత్తబడి పులుసు పడుతుందనీ చెప్పి దాక మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. రాత్రంతా దాక పక్కనే పడుకున్నాడు, మాలో ఎవర్నీ నమ్మక.

తరవాత నాకు ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాను. అది పెద్ద కథేం కాదు.

బోటు వార్తలు పేపర్లో చదివేవాణ్ణి. 2018 మేలో మంటూరు దగ్గర గాలివానకి లాంచీ మునిగింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర టూరు బోటు. ఆ ఆదివారం సాయంత్రం టీవీలో ఆ మలుపు చూపిస్తుంటే, దాన్ని గుర్తుపట్టడానికి నాకు కింద అక్షరాలు చదవక్కర్లేకపోయింది. వరద నీటిలో వెళ్ళారు. పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన అప్పటికే చక్రం వదిలేసి ఇంటిపట్టున ఉన్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. “ఎర్రనీళ్ళలో ఎల్లకూడదు” అని ఒక్కమాట అన్నాడు. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం మనుషులు లంగర్లు వేసి, ఇనుపతాళ్ళతో వెతికి, అక్టోబరు 22న ఆ బోటుని బయటికి లాగారు. ఆ రోజుల్లో పెద్దాయన రోజూ ఫోన్ చేసి ఎంతవరకూ వచ్చిందని నన్నే అడిగేవాడు. ఇంట్లో టీవీ ఉంది ఆయనకి.

2021 జూన్‌లో పోలవరం దగ్గర గోదారిని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. రాజమండ్రి నుంచి ఎగువకి బోటు వెళ్ళే దారి మూసుకుపోయింది. బోటు ఎక్కాలంటే ఇప్పుడు ప్రాజెక్టుకి ఎగువన, గండి పోచమ్మ గుడి దగ్గరే. మొన్న కార్తీకంలో పిల్లలకి చూపిద్దామని వెళ్ళాను. రేవులో పోలీసులు పేర్లు రాసుకున్నారు, ఒక్కొక్కరికీ లైఫ్ జాకెట్ తొడిగి బెల్టు లాగి చూశారు. మంచిదే. నా రోజుల్లో జాకెట్లు సీట్ల కింద మూటకట్టి ఉండేవి, మేమే వాటిని తలకింద పెట్టుకుని పడుకునేవాళ్ళం.

బోటు కదిలింది. దేవీపట్నం దగ్గర బియ్యం కడగాలి కదా అని ఒడ్డుకేసి చూశాను. రేవు మెట్లు లేవు. కొన్ని మొండిగోడలు, నీళ్ళలో నిలబడి ఎండిన చెట్లు. ఊరివాళ్ళని పునరావాస కాలనీలకి తీసుకెళ్ళారని గైడు కుర్రాడు మైకులో ఒకే ఒక్క వాక్యంలో చెప్పి, పాట పెట్టాడు. వాణ్ణి తప్పుపట్టను. వాడు ఆ ఊరు చూసి ఉండడు. తువ్వాలు ఊపేవాళ్ళెవరూ లేరు కాబట్టి బోటు ఎక్కడా వేగం తగ్గించలేదు. మంటూరు ఎప్పుడొచ్చిందో తెలీలేదు నాకు. ఉల్లిపాయలు ఒలిచే పంతులుగారి బడి ఏ వైపుండేదో పిల్లలకి చూపించాలని రెండుసార్లు లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాను. కచ్చులూరు దగ్గర సరంగు పాట ఆపించాడు. అది మాత్రం ఉంది.

మధ్యాహ్నం భోజనం పన్నెండున్నరకి పెట్టారు, ఫోనులో టైము చూసుకుని. అట్టపెట్టెల్లో వెజ్ బిర్యానీ, రైతా ప్యాకెట్టు. ఒడ్డునుంచి వండి తెస్తారట, బోటులో పొయ్యి వెలిగించనివ్వరు. పిల్లలు లొట్టలేసుకుంటూ తిన్నారు.

రాజమండ్రి తిరిగొచ్చాక వంట బాబాయ్‌ని చూడ్డానికి వెళ్ళాను. ఆయన ఇప్పుడు కొడుకుతో కలిసి చిన్న మెస్ నడుపుతున్నాడు. గోడకి పెద్ద గడియారం ఉంది. ఏం పెట్టారు బోటులో అని అడిగాడు. చెప్పాను. గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

“రైతా ప్యాకెట్టా?” అన్నాడు. “గోదారి మీద బిర్యానీ ఏంట్రా, సన్నాసుల్లారా. నువ్వు తిన్నావా?”

తిన్నానని చెప్పాను.

“సిగ్గులేదు. ఆదివారం పిల్లల్ని తీసుకుని రా. వంకాయలు తాజావి వస్తాయి. పదింటికల్లా వచ్చెయ్, కూర్చుని ఉల్లిపాయలు ఒలుద్దువుగాని.”